మెల్లగా పోయే కరెంటు సైకిల్

2008 వేసవి. శాలిబండ ఎత్తు మొదలయ్యే చోట రోడ్డు మీదికే ఉండే మా సైకిల్ షాపులో ఆ ఏడు కొత్తగా రెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు తెప్పించి ముందు వరసలో నిలబెట్టాను. జనం ఆగి చూసేవాళ్ళు. హ్యాండిల్ తిప్పి, "పెట్రోల్ లేకుండ ఎట్ల ఉరుకుతది సత్తన్నా?" అని అడిగి, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. కొనేవాళ్ళు మాత్రం రాలేదు.

తొంభైల్లో మా షాపు ముందు వేరే సందడి. పొద్దున షట్టర్ ఎత్తేసరికి కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ డ్యూటీలకు పోయే సైకిళ్ళు వరసకట్టి వచ్చేవి. హ్యాండిళ్ళకు టిఫిన్ డబ్బాలు ఊగేవి. ప్యాంటు చైన్‌లో పడకుండా కొందరు క్లిప్పులు పెట్టుకుంటే, కొందరు సాక్సులోకి దోపుకునేవాళ్ళు. ఎత్తు ఎక్కేముందు గాలి కొట్టించుకోవడానికి ఆగి, క్రికెట్ మాటో, చిట్టీ మాటో మాట్లాడుకుని, "చలో భాయ్, సైరన్ కొడ్తరు" అంటూ మళ్ళీ కదిలేవాళ్ళు. ఒక్కసారిగా అన్ని సైకిల్ బెల్లులూ మోగితే నాన్న పంపు పక్కన పెట్టి, ఆ గుంపు ఎత్తు మీదికి చేరేదాకా చూస్తూ నిలబడేవాడు. తర్వాత్తర్వాత ఒక్కొక్కరే మోటార్‌సైకిల్ కొనుక్కున్నారు. గుంపు పలచబడింది. చివరికి ఇద్దరే మిగిలారు.

ఒకరు జహంగీర్ భాయ్. శాలిబండ గల్లీల్లో పుట్టి పెరిగిన మనిషి, ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవారు. రెండోవారు రఘునందన్ గారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి లాల్‌దర్వాజాలో ఇల్లు తీసుకున్నారు, అదే ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవారు. పెళ్ళయిన కొత్తలో వచ్చిన పెద్ద జ్వరం ఆయన వినికిడి మొత్తం తీసుకుపోయింది. మాట మాత్రం చక్కగా ఉండేది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. రోడ్డు మీద ఆయనకు కుడిపక్కన ఎప్పుడూ జహంగీర్ భాయ్ సైకిల్ ఉండేది. వెనక లారీ హారన్ వినపడితే, మాట ఆపకుండానే చెయ్యి చాచి ఆయన మోచేతి మీద తట్టేవారు. ఆయన పక్కకు జరిగేవారు. అన్నేళ్ళూ అలాగే నడిచింది.

ఆ వేసవిలో ఒకరోజు జహంగీర్ భాయ్ ఒక్కరే షాపుకు వచ్చారు. రెండు మోకాళ్ళూ పట్టేశాయట. డాక్టర్ ఇక పెడల్ తొక్కొద్దన్నాడట.

"కరెంటు సైకిల్ చూపియ్యి సత్తన్నా. మల్ల జోరుగ ఉరికేది వద్దు. మెల్లగ పోయేది కావాలె."

నాకు నవ్వొచ్చింది. "అందరు స్పీడ్ అడుగుతరు, మీరేంది భాయ్ ఉల్టా అడుగుతున్నరు? భయమా?"

"భయం గాదు. రఘు సైకిల్ మీదనే వస్తడు గద. నేను ముందల పోతే ఎట్ల?"

మోటార్‌సైకిల్ కొని ఆయన్ని వెనక కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నాను. "ఈ ఉమర్ల నేనేం నేర్చుకుంట? ఆయనకేమో కాన్ వినబడదని లైసెన్స్ ఇయ్యరు" అన్నారు. ఎలక్ట్రిక్ సైకిల్‌కు ఆ చిక్కు లేదు. వేగం తక్కువ కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు.

నా దగ్గరున్న వాటిలో ఒకటి స్కూటర్ ఆకారంలో ఉండేది. పెడళ్ళు పేరుకే. బ్యాటరీ సీటు కింద బిగించేసి ఉంటుంది, ఛార్జింగ్ పెట్టాలంటే బండిని ప్లగ్గు దగ్గరికి తీసుకెళ్ళాలి. జహంగీర్ భాయ్ ఇల్లు మేడ మీద, కింద గల్లీలో ప్లగ్గు ఎక్కడిది? రెండోది అచ్చం సైకిలే. వెనక చక్రం బొడ్డులో చిన్న మోటారు, దాన్నే హబ్ మోటార్ అంటాం. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి పట్టుకుపోవచ్చు. కుడిచేతి పిడి తిప్పితే కదులుతుంది, ఆ పిడిని థ్రాటిల్ అంటాం. ఎంత తిప్పితే అంత వేగం. కాబట్టి మెల్లగానూ పోవచ్చు. ఇదే సరైందని ఇద్దరం అనుకున్నాం.

మర్నాడు పొద్దున ఇద్దరూ ట్రయల్‌కు వచ్చారు. రఘునందన్ గారు తన పాత సైకిల్ మీద, జహంగీర్ భాయ్ కరెంటు సైకిల్ మీద, ఎప్పటిలాగే కుడిపక్కన. నేను స్కూటర్ మీద వెంట వెళ్ళాను. సమంగా ఉన్న రోడ్డు మీద ఇద్దరి చక్రాలూ ఒకే వరసలో దొర్లాయి. జహంగీర్ భాయ్ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది.

ఎత్తు దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది. తొక్కే మనిషి ఎత్తులో తగ్గుతాడు. మోటారు తగ్గదు. జహంగీర్ భాయ్ తనకు తెలియకుండానే ముందుకు పోయారు. రఘునందన్ గారు సీటు మీంచి లేచి తొక్కుతూ, రోడ్డు మధ్యకు వంకర తిరిగారు. వెనక నించి ఒక ఆటో హారన్ మోగిస్తూ వచ్చింది. నేను అరిచాను. ఎవరికోసం అరిచానో నాకే తెలియదు. ఆటో డ్రైవర్ ఆఖరి క్షణంలో పక్కకు తిప్పేశాడు. సైకిల్ హ్యాండిల్ ఆటోకు రాసుకుని రఘునందన్ గారు కింద పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అంతకన్నా ఏమీ కాలేదు.

షాపుకు తిరిగొచ్చాక జహంగీర్ భాయ్ బండి తాళంచెవి తీసి నా బల్ల మీద పెట్టారు.

"వాపస్ తీస్కో సత్తన్నా. నాకొద్దు ఈ లొల్లి. కాళ్ళు ఉన్నా పోయినా సైకిలే తొక్కుత."

నేను నోరు తెరిచేలోపు రఘునందన్ గారు మాట్లాడారు. మోచేతి మీద నా రుమాలు కట్టుకుని, జహంగీర్ భాయ్‌నే చూస్తూ. "మోకాళ్ళు విరగ్గొట్టుకుని నా పక్కన తొక్కుతావా? వచ్చే ఏడు నువ్వు రిటైర్ అయిపోతావు. నాకింకా సర్వీసుంది. అప్పుడు నన్నెవరు తీసుకెళ్తారు జహంగీర్?"

ఆ మాట జహంగీర్ భాయ్ మనసులోనూ ఎన్నాళ్ళుగానో ఉండి ఉంటుంది. పైకి మాత్రం ఎప్పుడూ రాలేదు.

రఘునందన్ గారు నావైపు తిరిగారు. "నాకు వినపడదు గానీ, కనపడుతుంది కదండీ. నా సైకిల్‌కి అద్దాలు బిగించగలరా?"

సైకిల్‌కు అద్దాలు అడిగినవాళ్ళు లేక నేను తెప్పించడమే మానేశాను. స్కూటర్ అద్దాలు రెండు తెచ్చి, క్లాంపులు వేసి హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి బిగించాను. ఉబ్బుగా ఉండే అద్దాలవి. వెనక రోడ్డంతా కనపడుతుంది, కానీ వచ్చే బండిని ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు చూపిస్తాయి. ఆ సంగతి చెబితే, "స్కేలు మారుతుందన్నమాట, అలవాటు చేసుకుంటాను" అన్నారు. జహంగీర్ భాయ్ కరెంటు సైకిల్ ఉంచుకున్నారు. కానీ ఇక పక్కన కాదు, వెనక. వెనక ఉంటే ముందున్న మనిషి నెమ్మదించగానే కనపడుతుంది, పిడి వదిలితే చాలు.

మొదట్లో వాళ్ళు ఎత్తు దాటేదాకా నేను షాపు ముందే నిలబడి చూసేవాణ్ణి. వెనక బస్సు రాగానే జహంగీర్ భాయ్ ఎడమచెయ్యి తనంతట తానే గాలిలోకి లేచేది. అక్కడ తట్టడానికి ఎవరూ లేరు. ముందున్నాయన అద్దంలో చూసి పక్కకు జరిగేవారు. జరిగినప్పుడల్లా వెనక నించి "షాబాష్!" అనే కేక. వినపడదని తెలిసీ అరిచేవారు. వానాకాలం దాటింది, చలికాలం దాటింది. ఆ చెయ్యి లేవడం మానేసింది. ఇద్దరి మధ్య దూరం కూడా మెల్లగా పెరిగింది. జహంగీర్ భాయ్ కావాలనే పెంచుతున్నారని నాకు అర్థమైంది.

మరుసటి ఏడు ఆయన రిటైర్ అయ్యారు. ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి మా షాపు ముందు స్టూల్ వేసుకుని కూర్చున్నారు. చాయ్ తెప్పించాను. తాగలేదు. రఘునందన్ గారు ఒక్కరే వచ్చారు. అదే సమయానికి వెనక సరుకుల లారీ ఒకటి ఎత్తు అందుకుంటూ గట్టిగా హారన్ కొట్టింది. జహంగీర్ భాయ్ లేచి నిలబడ్డారు. రఘునందన్ గారు ఎడమకు ఒదిగి, లారీని పోనిచ్చి, మళ్ళీ తొక్కుకుంటూ ఎత్తు మీదికి వెళ్ళిపోయారు. మావైపు చూడనేలేదు. ఆయన చూపు రోడ్డు మీదే ఉంది.

"పోయిండు" అన్నారు జహంగీర్ భాయ్. కళ్ళు తుడుచుకుని, "చాయ్ సల్లగైంది, ఇంకోటి చెప్పు" అన్నారు.

ఈ వ్యాపారంలో బండి అమ్మేముందు ఆఫీసు ఎంత దూరం, దారిలో ఎత్తులున్నాయా, ఛార్జింగ్ ఎక్కడ పెడతారు అని అడుగుతాం. అవన్నీ బండి గురించిన ప్రశ్నలే. ఆ ఇద్దరి తర్వాత నేను ఇంకొకటి కూడా అడగడం మొదలుపెట్టాను: "రోజూ మీతో పాటు ఎవరన్నా వస్తారా?" కొందరు వింతగా చూస్తారు. చాలామంది మాత్రం ఒక్క క్షణం ఆగి, ఒక పేరు చెబుతారు. నేను ఆ పేరు విన్నాకే బండి చూపిస్తాను.