సిలోనుకు ముందే బయలుదేరిన కెమెరా

బళేపేటలో ఫోటోలు తీసే జయరామప్పకు మనుషులంటే విసుగు పుట్టింది. ఇన్నేళ్ళుగా "కదలొద్దు, కదలొద్దు" అని మొత్తుకోవడమే బతుకైపోయింది. పెళ్ళికొడుకు కుదురుగా కూర్చుంటే మేనమామ రెప్ప వేస్తాడు. మేనమామ సరిగ్గా నిలబడితే పసిబిడ్డ గుక్క పడుతుంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఎవరో సిలోను నుంచి తెచ్చిన క్యాలెండరులో అనురాధపురం శిథిలాల బొమ్మ చూశాడు. విరిగిన స్తంభాలు, ఒరిగిన మెట్లు. రాళ్ళు రెప్ప వేయవు, ఎత్తుకోమని మారాం చేయవు. చచ్చేలోపు ఒక్కసారైనా సముద్రం దాటి ఆ రాళ్ళను ఫోటో తీయాలని ఆయన ప్రాణం కొట్టుకుంది.

ధనుష్కోటి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. ముహూర్తమేమో ఆ శుక్రవారమే బాగుంది. కెమెరాలో పెట్టే గాజు ప్లేట్లేమో మదరాసు నుంచి ఇంకా రాలేదు. అలాంటప్పుడు ప్రస్థానం పెట్టడమని ఒక ఆచారముంది. మంచి గడియలో ప్రయాణపు వస్తువొకటి పొరుగింట్లో పెట్టి వస్తే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ వస్తువు మళ్ళీ సొంత గడప తొక్కకూడదు. ప్రయాణం నాడు అక్కడి నుంచే తీసుకుపోవాలి. అందరూ ఏ పాత పంచో పెడతారు. జయరామప్ప అందరిలాంటివాడైతే ఈ కథే ఉండేది కాదు.

"ఫోటో తీసేదానికి పోతాంటే పంచె బయలుదేరి ఏం చేస్తాదప్పా?" అని కెమెరానూ దాని మూడుకాళ్ళ స్టాండునూ మోసుకుపోయి, ఎదురింటి ఓబళప్ప పడసాలలో పెట్టి దండం పెట్టుకున్నాడు.

ప్లేట్లు వచ్చాయి. జయరామప్ప మాత్రం కదల్లేదు. మొదట సముద్రం పోటు మీద ఉందన్నాడు. తర్వాత ఆషాఢమన్నాడు. ఆ తర్వాత పిల్లి ఎదురైందన్నాడు. ఆ పిల్లి వాళ్ళింటిదే, రోజూ ఎదురయ్యేదే. ఆయన సాకులు చెబుతున్నాడని ఫోటోల గిరాకీ ఆగదు కదా. కెమెరా ఇల్లు చేరకూడదు కాబట్టి గిరాకీయే కెమెరా దగ్గరికి పోయింది. వెలుతురు కోసం అందరినీ ఓబళప్ప దొడ్లో, వానకు సగం కూలిన మట్టిగోడ ముందు నిలబెట్టేవాడు. గోడ వెనక ఓబళప్ప బర్రె. అది మెడ చాచి ప్రతి పెళ్ళికూతురి భుజం మీదుగానూ చూసేది. నిజం చెప్పాలంటే మనుషుల కంటే అదే కుదురుగా ఉండేది.

ఓబళప్ప ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు పాలచెంబు పట్టుకుని జయరామప్ప వాకిట్లోకి వచ్చాడు.

"నా దొడ్లోకి నేను పాలు పిండేదానికి పోతే, పక్కకు జరుగు, పటంలో పడతావు అంటా ఉండారప్పా. నువ్వు సిలోనుకు పోతావా, నన్ను పొమ్మంటావా?"

"ఈ అమావాస్య పోనీ ఓబళప్పా."

లోపల నుంచి జయరామప్ప భార్య పిల్లమ్మ ఈ మాట విన్నది. ప్రయాణానికని ఆమె చెక్కిలాలు చేయడం, కదలకుండానే ఆయన వాటిని తినేయడం ఎన్నిసార్లయిందో. ఒక మూట చంకన పెట్టుకుని వీధి దాటింది. ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"ఏడికి పోయినావే?"

"నా పట్టుచీర ఓబళప్పోళ్ళ ఇంట్లో పెట్టొస్తిని. మంచి గడియంట. నేనూ బయలుదేరినట్లే."

జయరామప్ప అరుగు మీద కూలబడి, ఇన్ని నెలలూ పంచాంగం వెనక దాచిన మాట బయటపెట్టాడు.

"నాకు నీళ్ళంటే భయం పిల్లమ్మా. ఓడ ఎక్కితే చస్తానేమోనని భయం."

పిల్లమ్మ నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు తెలీదా? నాకూ భయమే. చెరువులో తెప్ప ఎక్కితేనే కండ్లు తిరుగుతాయి."

"మరి చీరెందుకు పెట్టినావు?"

"మీరొక్కరే భయపడతా ఉండారు గదా, తోడుంటామని. ఇంక తెచ్చుకునేదానికీ లేదు. నాకుండేది అదొక్కటే పట్టుచీర."

జయరామప్ప ఎదురింటి తలుపు వైపు కాసేపు చూశాడు. తర్వాత లేచి, చెప్పులు తొడుక్కుని, రాహుకాలం నడుస్తుండగానే రెండు టిక్కెట్ల కోసం స్టేషనుకు వెళ్ళాడు.