తవుడుకు కొన్న తల్లి

దయ్యాల ముచ్చట ఎవరన్నా ఎత్తితే, వాళ్ల చాయ్ తాగి వాళ్లనే నవ్వులపాలు జేసి లేచొచ్చే రకం నాది. నాచారం ఫ్యాక్టరీల లేత్ మిషన్ మీద బతికినోన్ని. ఇనుపముక్క కొలిస్తే ఎంతుంటదో అంతే ఉంటది, నేను నమ్మింది అదే. కాకపోతే ముచ్చట చెప్పేటప్పుడు మసాలా జర ఎక్కువ పడ్తది. ఎక్కడెక్కడ పడ్డదో నేనే చెప్త.

తెలంగాణ రాకముందు సంగతి. మా మనవరాలు మౌనికకు చిన్నప్పుడే రక్తక్యాన్సర్ వచ్చింది. అప్పుడు ఉప్పల్‌ల కిరాయికుంటిమి. కొడుకు, కోడలు డ్యూటీలకు పోతే, దవాఖానల పిల్లకాడ నేను, మా ఇంటామె ఉండేటోళ్లం. పక్క మంచం మీద జనగామ నుంచి వచ్చిన యాదమ్మ కొడుకు. అదే జబ్బు.

పిల్లలు దక్కని ఇండ్లల్ల మా దిక్కు ఒక రివాజు ఉంటది. బిడ్డను చాటల ఏసి వేరేటోళ్లకు తవుడుకు అమ్ముతరు. అప్పుడు ఆ బిడ్డ మనది గాదు. చావు మన గడపకొచ్చినా ఉత్తచేతుల్తోని పోతదని నమ్మకం. మా ఇంటామె బర్రెలోళ్లకాడ పిడికెడు తవుడు అడుక్కొచ్చి యాదమ్మ చేతుల పోసింది. దవాఖాన గేటు బయట బేరం అయింది. తవుడు మాదే, కొన్నది ఆమె.

"ఇగ ఇది నా బిడ్డ పెద్దయ్యా. మీకాడ ఉంచుకోండ్రి. నేనొచ్చి సూసుకుంట" అన్నది యాదమ్మ. నేను నవ్విన.

మందులు పనిజేసినయి. ఇద్దరు పిల్లలూ బతికిన్రు. మౌనికకు జుట్టు మళ్లొచ్చింది, బడికి పోవట్టింది. మేము నాచారంకు ఇల్లు మారినం.

ఒక ఆషాఢంల, సికింద్రాబాద్ లష్కర్ బోనాల తెల్లారి, సోమవారం, పిల్లకు జరం తగిలింది. ఆ జబ్బు మొదటిసారి వచ్చింది గూడ గిట్లనే, ఒట్టి జరమే. పొద్దుగాల్నే పరీక్షకు రక్తం ఇచ్చొచ్చినం. రిపోర్టు మర్నాడు.

మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. ఆమె వచ్చేముందు వాడకట్టు కుక్కలన్నీ ఏడ్చినయి, కరెంటు పోయింది, గాలి లేకున్నా పరద ఊగింది.

కుక్కలు నేను కలిపినయి. పరద గూడ. కరెంటు పోయింది నిజమే గాని, అది రోజూ పోయేదే.

తలుపు తీసి ఉండె, ఆమె లోపలికొచ్చింది. అంతే. "నా బిడ్డకు పానం బాగలేదా?" అనుకుంట పిల్ల పక్కన కూసుని నుదురు ముట్టింది. మౌనిక లేచి, "యాదమ్మమ్మా" అని మీద పడ్డది. మా ఇంటామె చాయ్ పెట్టింది, ఆమె తాగింది. "ఏం గాలే, ఫికర్ జేయకుండ్రి" అని లేచిపోయింది. మా కొత్త ఇల్లు ఆమెకు ఎవరు చూపెట్టిన్రో ఆ గాబరల అడుగుడు యాదికి రాలే.

ఆమె చెయ్యి పడంగనే జరం దిగిందని ఊరంత చెప్పిన. అబద్ధం. అది టైఫాయిడ్. గోలీలు పడ్డంకనే దిగింది. కాని రిపోర్టుల పాత జబ్బు లేదని తెల్వంగనే ల్యాబ్ మెట్ల మీదనే కూలబడి ఏడ్చిన. ఇది కలిపింది గాదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక డాక్టరమ్మ ఇంటికొచ్చింది. మేమున్న దవాఖానల ఈ జబ్బు నయమైన పిల్లలు ఎట్ల బతుకుతున్నరు, బడిల ఎవరన్నా ఏడిపిస్తున్నరా, ఇంట్ల భయాలేంది అని ఇల్లిల్లు తిరిగి పరిశోధన జేస్తది. "మళ్లీ వస్తుందేమోనని భయమేస్తుందా?" అని మౌనికను అడిగింది.

"నాకు లేదు. తాతకుంది."

నేను మాట మార్చనీకె యాదమ్మ వచ్చిన ముచ్చట ఎత్తుకున్న, కుక్కలతో సహా.

"ఉన్న ముచ్చట సాలదా, కుక్కలెందుకయ్యా నీకు?" అన్నది మా ఇంటామె.

డాక్టరమ్మ నవ్వలే. ఏ రోజని అడిగింది. చెప్పిన.

"ఆ సోమవారం నేను జనగామలోనే ఉన్నాను తాతగారూ. మధ్యాహ్నమంతా యాదమ్మగారింట్లోనే. వాళ్లబ్బాయితో మాట్లాడుతుంటే ఆవిడ పక్కనే కూర్చున్నారు. సాయంత్రం ఆవిడే నన్ను బస్సెక్కించారు."

అక్కడికక్కడే యాదమ్మకు ఫోన్ కలిపిచ్చింది. "నేనెట్ల వస్త పెద్దయ్యా? మీ ఇల్లేడుందో నాకెర్కనా?" అని నవ్వింది యాదమ్మ. జరం సంగతి ఆమే ముందు అడిగిందని కొందరికి చెప్పిన. అడగలే. పిల్ల మంచిగుందా అన్నది, అది అందరూ అడిగేదే.

వేరే ఎవరో అయ్యుంటరని అనుకుని సూసిన. మరి పిల్ల గుర్తుపట్టింది, మా ఇంటామె చాయ్ పోసింది. నా మాట ఇడిసిపెట్టుండ్రి, వాళ్లిద్దరికి కలిపి చెప్పే అలవాటు లేదు. డాక్టరమ్మకు అసల్కే లేదు. కలిపినయన్నీ తీసేసినా ఇది మిగిలింది. నాకు ఇయ్యాల్టికి సమజ్ కాలే.

అంతకుముందు రాత్రి పిల్ల జర దగ్గినా సరే, పాత జబ్బు మళ్లొచ్చిందేమోనని లైటేసి మొఖం సూసేటోన్ని. ఆ యేడు ముసుర్ల తడిసొచ్చి వరుసగ తుమ్మింది. "తల తుడుసుకో పో" అని పేపర్ తిరగేసిన.