చూడని ఊరి పది కార్డులు

మొన్న ఆదివారం మా కోడలు చేటలో బియ్యం ఏరుతూ, ఎదురుగా ఉప్పు డబ్బాకు ఫోను ఆనించి ఏదో వీడియో చూస్తోంది. బ్యూనస్ ఐరిస్‌లో తప్పక చూడాల్సిన పది చోట్లట, ఒకాయన ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. మా కోడలికి రాజంపేట తర్వాత తిరుపతి, తిరుపతి తర్వాత ఇంక ప్రపంచమే లేదు. ఆ వీడియో దానంతట అదే వచ్చి ఉంటుంది. నేను పక్కన కూర్చుని మనవరాలు వదిలేసిన ఉప్మా తింటూ, "ఇప్పుడు రోడ్డు నడిమధ్యన కొనదేలిన రాతి స్తంభం చూపిస్తాడు చూడు" అన్నాను. చూపించాడు. "ఇంగ సమాధుల తోట" అన్నాను. అదీ వచ్చింది. కోడలు చేట కింద పెట్టేసింది. "నీకెట్లా తెలుసత్తా? ఎప్పుడన్నా పొయ్యొచ్చినావా యాంది?" అంది. పోలేదు. ఆ ఊరు నేను కువైట్‌లో, ఒక మిద్దె మీది సామాన్ల గదిలో చూశాను.

నేను కువైట్ పోయింది ఇరవై ఆరో ఏట. నా పనంతా ఒక్క ఇంట్లోనే. ఇంటి యజమానురాలిని అక్కడందరూ పిలిచినట్టే మామా అనేదాన్ని, అంటే వాళ్ల మాటలో అమ్మ. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. ఉన్నది ఒక్కడే కొడుకు, సైన్యంలో ఉద్యోగం. భర్త బతికి ఉన్నప్పుడు సర్కారు పని మీద నాలుగేళ్లు బ్యూనస్ ఐరిస్‌లో కాపురమున్నారు, పిల్లవాడి బడి కొంత అక్కడే. వచ్చేటప్పుడు తెచ్చుకున్న, ఆ ఊరి బొమ్మలున్న పది రంగుల కార్డులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. మామా నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది. నెలలో రెండుసార్లు నన్ను ఇంటికి పంపించేస్తానని బెదిరించేది, మూడోసారి కొత్త చెప్పులు కొనిచ్చేది.

మా ఇద్దరికీ రోజూ గొడవొచ్చేది ఒక్క విషయంలోనే. వాళ్లు అన్నం పెద్ద పళ్లెంలో కుమ్మరించి, చుట్టూ కూర్చుని, ఎవరి ముందున్నది వాళ్లు తింటారు. నన్నూ కూర్చోమనేది మామా. నాకు చస్తే చెయ్యి వచ్చేది కాదు. ఎంగిలి అంటే మా అమ్మ వాత పెట్టినంత పని చేసి నేర్పింది మాకు. మొగుడి కంచంలో తప్ప ఇంకెవరి కంచంలోనూ వేలు పెట్టకూడదనేది. అందుకే అంచున నా పేరు చెక్కించిన పెళ్లినాటి స్టీలు కంచం పెట్టెలో పెట్టుకుని పోయాను. దాంట్లో ముందుగా వడ్డించుకుని, ఒక జానెడు ఎడంగా కూర్చుని తినేదాన్ని. "నీ పళ్లెం మహారాణి, మాతో కలవదు" అని ఎగతాళి చేసేది మామా. కొడుకు మాత్రం, "ఉండనీ అమ్మా, ఆమె అలవాటు ఆమెది" అనేవాడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. రెండు రోజుల్లో వీధి చివర ట్యాంకు నిలబడింది. కువైట్ సైన్యంలో పనిచేసిన వాళ్ల కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారని తెలిసి, మామా కొడుకును మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక సామాన్ల గదిలో దాచింది. ఎవరడిగినా ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లేనని చెప్పాలి. సైనికులు రెండుసార్లు వచ్చారు, అదే చెప్పాం. మొదటిసారి టీవీ పట్టుకుపోయారు, రెండోసారి బియ్యం బస్తా.

ఆ గదిలో ఎండకు గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. తడిపిన దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు పాపం. నేను అన్నం తీసుకుపోతే, తిన్నాక కార్డులు నేల మీద పరిచేవాడు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాతో రోజుకో వరస. ఒక్క సిగ్నల్లో దాటలేనంత వెడల్పు రోడ్డు, దాని మధ్యన స్తంభం. మా ఊళ్లో పొలం సర్వే చేసిన వాళ్లు పాతిన రాయిని చూడ్డానికి ఎవరూ రారని నేనంటే పడీ పడీ నవ్వి, శబ్దం బయటికి పోకుండా దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. ఓడలకు వేయగా మిగిలిన రంగులు పూసిన రేకుల ఇళ్లు, కువైట్‌లో గ్యారేజీలుండే షువైఖ్ షెడ్లకు పండగొచ్చినట్టు. గులాబీ రంగు సర్కారు కచేరీ. పాలరాతి గదుల్లో పెద్దవాళ్లను పడుకోబెట్టిన సమాధుల తోట. శ్మశానానికి పోతే తలస్నానం చేయాల్సింది పోయి ఫొటోలు దిగుతారా అని నేను నోరు వెళ్లబెట్టాను. "యుద్ధం ఖలాస్ కానీ, మా అమ్మనీ నిన్నూ తీసుకుపోతాను" అనేవాడు.

పదో కార్డు గురించి మాత్రం మామాయే చెప్పింది. గులాబీ కచేరీ ముందున్న మైదానం అది. ప్రతి గురువారం తలకు తెల్ల గుడ్డలు కట్టుకున్న తల్లులు, సిపాయిలు పట్టుకుపోయిన బిడ్డల ఫొటోలు పట్టుకుని అక్కడ గుండ్రంగా నడిచేవాళ్లట. "నేను కారులోంచి చూసి, ఈ ఆడవాళ్లు ఇంటికి పోరేం అనుకునేదాన్ని" అంది.

సెప్టెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, కొడుకుతో కలిసి ఒక్క ముద్ద తినాలని మామా పట్టుబట్టింది. అతను కిందికి వచ్చాడు. ఎండు నిమ్మకాయలు వేసి వండిన అన్నం, మాంసం లేదు. పళ్లెంలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా, నా కంచంలో నేను. సగం తిన్నామో లేదో తలుపు దబదబా బాదారు. అతను ఎంగిలి చేత్తోనే మిద్దె మీదికి పరుగెత్తాడు. లోపలికి వచ్చిన సైనికుడు ఏ గదికీ పోలేదు. పళ్లెం ముందు గొంతుక్కూర్చుని చూశాడు. రెండు వైపులా తవ్వినట్టున్న అన్నం, పక్కన నేను సగం తిన్న కంచం. మనుషులం ఇద్దరం, ఎంగిలి మూడు చోట్ల.

"ఈ వైపు ఎవరు తిన్నారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"అయితే తిను."

చెయ్యి చాచాను. వేళ్లు అన్నం దాకా పోయి ఆగిపోయాయి. భయంతో కాదు. ఒట్టేసి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు తుపాకీ కూడా కనిపించలేదు. పరాయివాడు తిని వదిలిన మెతుకులు కనిపించాయి, అంతే. మరుక్షణమే పెద్ద ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. కానీ అతను నా నోటిని చూడలేదు, ఆగిన నా చేతినే చూశాడు. లేచి వాకిట్లో ఉన్నవాళ్లకు మెట్లు చూపించాడు.

అతన్ని చెప్పుల్లేకుండా దించారు. మామా చెప్పులు పట్టుకుని గేటు దాకా పరుగెత్తింది. బండి వెళ్లిపోయింది. చెప్పులు చేత్తోనే పట్టుకుని తిరిగొచ్చింది. నేను అప్పటికీ అతని వైపు కూర్చుని, ఏడుస్తూ, ఒక్కొక్క మెతుకూ తింటున్నాను. ఇంక దానివల్ల ఎవరికి ఏం లాభం?

అక్టోబరులో, షువైఖ్ గ్యారేజీలో పనిచేసే కోనసీమ అతనొకడు గేటు దగ్గరికొచ్చి, "ఇదే ఆఖరి బస్సంటున్నారండి, జోర్డాను దాకా పోతే విమానం ఉందంట. వచ్చెయ్యండి అక్కగారూ" అన్నాడు. నేను రానన్నాను. మామా నా పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టి, భుజం పట్టి గేటు బయటికి తోసింది. కంచం అక్కడే ఉండిపోయింది.

రెండేళ్లకు వేరే ఇంటి వీసా మీద మళ్లీ పోయాను. సెలవు దొరికిన మొదటి రోజు, అది గురువారం, పాత ఇంటికి పోయాను. మామా వాకిట్లో నడుస్తోంది. నల్ల అబాయా మీద, గుండె దగ్గర, కొడుకు ఫొటో పిన్నీసుతో గుచ్చుకుంది. గోడ పక్కనుంచి గేటు దాకా, గేటు నుంచి మళ్లీ గోడ దాకా గుండ్రంగా. నన్ను చూసి ఆగింది. "ఆ తల్లులను చూసి ఇంటికి పోరేం అనుకున్నాను కదూ" అంది. "ఎక్కడికి పోతారు?"

లోపలికి తీసుకెళ్లి పళ్లెంలో అన్నం పెట్టింది. నా స్టీలు కంచం తోమి, గోడకు ఆనించి ఉంది. నేను దానివైపు పోలేదు. పళ్లెం ముందు, అతను కూర్చున్న వైపు కూర్చున్నాను. రెండేళ్లు గొంతులో అడ్డం పడి ఉన్నది అప్పుడు చెప్పాను. "మామా, ఆ రోజు నా చెయ్యి ఆగింది."

"చూశాను" అంది. తర్వాత, తను తింటున్న వైపు నుంచి ఒక ముద్ద కలిపి నా వైపు జరిపింది. "యల్లా, తిను."

తిన్నాను. అతను రాలేదు. నేను అక్కడున్న తొమ్మిదేళ్లూ, వీలైన గురువారమల్లా పోయి తిన్నాను, అప్పటికీ రాలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరు వదిలేసింది ఉన్నా నేనే తింటాను. ఈ ముసలిదానికి ఎంగిలీ లేదు మంగలమూ లేదని కోడలు నవ్వుతుంది. మొన్న ఆ మైదానం వచ్చేసరికి వీడియో ఆపమన్నాను. నేల మీద తెల్ల గుడ్డల బొమ్మలు వేసి ఉన్నాయి, వాటి మీద పావురాలు తిరుగుతున్నాయి. నా చెయ్యి ఆగింది రెప్పపాటే. ముప్పై ఏళ్లు దాటిపోయాయి, ఆ రెప్పపాటు మాత్రం ఇంకా దాటలేదు.