ఢిల్లీ తీసుకున్న ఆదివారం

2023వ సంవత్సరం. తెనాలిలో మాదొక డిగ్రీ కాలేజీ. నేను చెప్పేది కామర్స్. అది చాలదన్నట్టు ఆన్‌లైన్ కోర్సుల కోఆర్డినేటర్ అనే పని కూడా ప్రిన్సిపాల్‌గారు నా నెత్తిన పెట్టారు. జీతం పెరగలేదు కానీ గది తలుపు మీద ఒక బోర్డు పెరిగింది.

"ఢిల్లీలో ఉన్న ఆ కేంద్ర విద్యాశాఖ మన కాలేజీకి ఏం చేస్తుంది మేడమ్?" అని రేపల్లె, బాపట్లల నుంచి రైల్లో వచ్చే పిల్లలు అడుగుతుంటారు. మన కాలేజీని అది నడపదని మొదటే చెప్పేస్తాను. దేశమంతటా ఉన్నత విద్య ఏ దారిన పోవాలో విధానం రాస్తుంది, కేంద్ర విశ్వవిద్యాలయాల మంచిచెడ్డలు చూస్తుంది, స్కాలర్‌షిప్పులిస్తుంది. ఇంట్లో కూర్చుని ఎవరైనా చదువుకోగలిగే ఆన్‌లైన్ కోర్సులు కూడా దాని ఆధ్వర్యంలోవే. పాఠాలు ఫోన్లో వినొచ్చు, పరీక్ష మాత్రం సెంటరుకు వెళ్లి రాయాలి. పాసైతే క్రెడిట్లు వస్తాయి, అంటే ఆ సబ్జెక్టు చదివినట్టు లెక్క. యూనివర్సిటీ ఒప్పుకుంటే అవి డిగ్రీలో కలుస్తాయి.

ఆ క్రెడిట్ల కోసమే దయామణి నా దగ్గరికి వచ్చింది. కొల్లూరు అవతల లంక గ్రామం ఆమెది. ముప్పై దాటిన మనిషి, ఊళ్లో ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. మా కాలేజీలో చదువుకునే రోజుల్లో, చివరి ఏడాది, కాన్పు కారణంగా ఒక్క పేపరు మిగిలిపోయింది. ఆ పేపరు ఇప్పుడు మా దగ్గర లేదు. దాని బదులు ఆన్‌లైన్ కోర్సు క్రెడిట్లు తీసుకుంటామని యూనివర్సిటీ ఒప్పుకుంది. కానీ పాత సిలబస్ వాళ్లకు ఈసారి పరీక్షే ఆఖరి అవకాశం. అది దాటితే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఆమె కలలు కంటున్న బీఎడ్ లేదు.

వంట చేస్తూ, బట్టలారేస్తూ పాఠాలన్నీ విన్నది. తీరా పరీక్ష రెండు రోజులుందనగా వచ్చి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మేడమ్, పరీక్ష సోమవారానికి మార్చమని ఢిల్లీ వాళ్లకి చెప్పరా అండి?"

"దేశమంతా ఒకేరోజు రాసే పరీక్షమ్మా అది. ఆదివారం నీకేం పని?"

"కోత పండగండి. మా చర్చిలో హార్మోనియం వాయించేది నేనొక్కదాన్నేనండి."

కోత పండుగంటే లూథరన్ సంఘాల్లో ఏడాదికొక్కసారి వచ్చే సంబరం. పండిన పంటలో తొలి ఫలం తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెట్టి అమ్ముతారు. అంతా బాగానే ఉంది కానీ, ఈవిడ పరీక్ష సంగతి సంఘంలో ఒక్కరికీ చెప్పలేదట.

"చెబితే పరీక్షకే పొమ్మంటారండి. దేవుడి పని వదిలేసి పోయినట్టుంటదని నాకే మనసొప్పట్లేదండి."

నాకు ఒళ్లు మండింది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె ఫోన్లోంచే, స్పీకరు పెట్టి, వాళ్ల పాస్టరుగారికి ఫోన్ చేశాను. అక్కడ ఆయన్ని అందరూ అయ్యగారంటారు. సంగతంతా విని ఆయన తప్పు తమ మీదే వేసుకున్నారు.

"ఊరంతటికీ ఒక్కళ్లే హార్మోనియం వాయించడం మా తప్పండి, ఆ అమ్మాయిది కాదు. పండగ వచ్చే వారానికి జరుపుదామంటే అరటి గెలలు కోసి మాగేశారండి. అవి ఢిల్లీ మాటా వినవు, నా మాటా వినవు. ఆరాధన సాయంత్రానికి మారుస్తానండి. పరీక్ష అవగానే తీసుకురావడానికి ఆటో పంపిస్తాను."

దయామణి బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. మంచి ఏడుపే కదా అని ఏడవనిచ్చాను.

ఆదివారం పొద్దున పరీక్ష సెంటరుకు వెళ్లేసరికి గేటు ముందు ఆటోకు బదులు ట్రక్కు ఆటో ఉంది. అందులో తెల్లచీరలతో పాటల బృందం ఆడవాళ్లంతా, మధ్యలో హార్మోనియం, చుట్టూ మాగిన అరటి గెలలు, గుమ్మడికాయలు. దయామణి అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

"ఒక్క ఆటో అన్నారు కదమ్మా?" అన్నాను, వాళ్లలో పెద్దావిడ రాహేలమ్మతో.

"దాన్నొక్కదాన్నే ఎట్టా పంపుతామండి? కానుకలు కూడా దారిలోనే ఎక్కించుకొచ్చేశాం. ఇటునుంచి ఇటే గుడికి పోవచ్చని."

గొడవ చేస్తారేమోనని నేను బెదిరిపోయాను. కానీ గోడ నీడన కూర్చుని పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థన చేసుకున్నారు. వాసన తట్టుకోలేక చివరికి వాచ్‌మనే దగ్గరికొచ్చాడు.

"ఒక పండియ్యవా పిన్నీ?"

"దేవుడి ముందు పెట్టందే మేమే ముట్టం నాయనా."

"మరి మీకు ఆకలెయ్యట్లేదా?"

"ఎందుకెయ్యదు? లోపల అది రాస్తుంటే మేమెట్టా తింటాం?"

దయామణి బయటికొచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. రాహేలమ్మ లేచి, "ఏంటే, ఎట్టా రాశావ్?" అంది.

"అన్నీ నేను చదివినయ్యే ఇచ్చారు అత్తా!"

అంతే. వాచ్‌మన్ గడియారం చూసి, లోపల ఇంకెవరూ లేరని తేల్చుకుని, "ఇంక పాడుకోండమ్మా" అన్నాడు. వాళ్లు నన్ను కూడా బండెక్కించేశారు. దయామణి హార్మోనియం ఒళ్లో పెట్టుకుంది. తెనాలి నుంచి కొల్లూరు దాకా పాటలే. నాకు ఒక్క పాటా రాదు, అయినా చప్పట్లు కొట్టాను. సాయంత్రం వేలం పాటలో పట్టుబట్టి ఒక గెల కొన్నాను. మర్నాడు వాచ్‌మన్‌కు అందులోంచి ఒక అత్తం పళ్లు పంపాను.

దయామణి పాసైంది. డిగ్రీ అందుకుని బాపట్లలో బీఎడ్‌లో చేరింది. ఆ బండిలో వచ్చిన ఆ ఊరి కోడళ్లు ఇద్దరు తరువాతి సెమిస్టరులో నా దగ్గరే కోర్సులకు పేర్లిచ్చారు.

దేశం మొత్తానికి టైమ్‌టేబుల్ వేసే వాళ్లకు లంకలో గెలలు ఎప్పుడు మాగుతాయో తెలియదు. తెలియాలనడం కూడా అన్యాయం. ఆ మధ్యలో కూర్చునే నాలాంటి వాళ్లు ఒక ఫోన్ చేస్తే చాలని ఆ ఆదివారం నేర్పింది. ఇప్పుడా ఫోన్ కూడా నేను చేయనక్కర్లేదు. ఏటా కోత పండుగకు రోజు పెట్టే ముందు అయ్యగారే చేస్తారు.

"నమస్తే మేడమ్. ఈసారి ఢిల్లీ ఏ ఆదివారం తీసుకుంటోందండీ?"