వలయం దాటిన ఎడ్నా

ఎడ్నా బారక్లఫ్‌కు మా మండలిలో ఎవరూ పెద్దరికం ఇవ్వలేదు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే మనిషి, పండుగలకు మాకూ ఆవిడే వడ్డించేది. ఇంగ్లండ్‌లో టాడ్‌మోర్డెన్ ఊరి పైన కొండ మీద, మా పెద్ద రోజలిండ్ పశువుల కొట్టంలో మేం చర్చికి ముందునాటి పాత దేవతలను కొలిచేవాళ్లం. ఓట్స్ రొట్టెలు చేసేది ఎడ్నా, మంత్రాలు చదివేది రోజలిండ్. మెప్పులన్నీ మంత్రాలకే దక్కేవి.

మాకున్నది ఒకటే కట్టుబాటు. ఎవరికీ కీడు చేయకు, ఆపైన నీ ఇష్టం. చేసిన కీడు మూడింతలై చేసినవాడికే తిరిగొస్తుంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! మేమంతా దాన్ని పలికేవాళ్లం. ఎడ్నా ఒక్కతే నమ్మింది, పిచ్చిది.

చర్చికి రానన్నందుకు తండ్రి ఇంట్లోంచి గెంటేసిన టామ్సిన్‌ను మా దగ్గరికి తెచ్చింది ఆవిడే. "ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యరు తల్లీ. మాకున్న రూలే అది," అని మాటిచ్చింది. ఆ పిల్ల పూజ మంటకు పుల్లలు ఏరేది, పాటలు నేర్చుకునేది, మమ్మల్ని చూసి పగలబడి నవ్వేది. తనకంటూ ఒక చోటు దొరికిందని మురిసిపోయేది.

రోజలిండ్ తర్వాత మండలిలో పెద్ద క్లైవ్. వేసవి చివర ఒక సాయంత్రం, అద్దె గది దగ్గర దింపుతానని టామ్సిన్‌ను కారెక్కించుకున్నాడు. బీడు దారిలో కారాపి, తలుపులకు తాళం వేసి మీద పడ్డాడు. ఆ పిల్ల ఎలాగో పెనుగులాడి దిగి, వానలో నడుచుకుంటూ ఎడ్నా ఇంటికి చేరింది. పోలీసులు తన మాట నమ్మరంది. అడిగింది ఒక్కటే, "ఆయన లేకపోతే నేను మళ్లీ రావచ్చా?"

అక్టోబరు ఆఖర్న, చనిపోయినవాళ్లను తలచుకునే పండుగకు చేరాం. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డాక, రోజలిండ్ కత్తితో మా చుట్టూ గాలిలో వలయం గీసింది. గీశాక పూజ ముగిసేదాకా ఎవరూ దాన్ని దాటకూడదు. దాటాల్సి వస్తే ఆమె కత్తితో ఆ గీతలో ద్వారం కోయాలి. అప్పుడు నోరు విప్పింది ఎడ్నా. జరిగిందంతా చెప్పి, "క్లైవ్ వెళ్లిపోవాలి," అంది.

క్లైవ్ తల దించుకున్నాడు. కాదనలేదు.

"అందరి ముందూ ఇలా పేరు పెట్టి అనడం కూడా కీడేగా ఎడ్నా?" అంది రోజలిండ్ తేనె పూసినట్టు. "మనం శిక్షలు వెయ్యం. అతను చేసింది మూడింతలై అతనికే తిరిగొస్తుంది."

"ఎప్పుడొస్తుందో ముహూర్తం కూడా చెప్పెయ్. అందాకా ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలి? వీడి పక్కనా?"

"నీ నోట్లో ఎంత విషముందో చూసుకో."

"చూసుకున్నాలే. నీ తేనె కంటే నయమే."

ఎడ్నా పక్కవాళ్ల నుంచి చేతులు విడిపించుకుంది. ద్వారం కోయమని అడగలేదు. వలయంలోంచి తిన్నగా నడిచి బయటికి పోయింది. అందరూ ఒక్కసారిగా కెవ్వుమన్నారు. ఒకామె ఏడ్చేసింది కూడా. ఆడపిల్లను కారులో పెట్టి తాళం వేశాడంటే రాని కన్నీళ్లు, గాలిలో గీసిన గీత చెరిగిందంటే వచ్చాయి! నేనూ ఆవిడ వెనకే వచ్చేశాను.

ఎడ్నా వలయం తెంచిందనే మాట లోయంతా పాకింది. ఏ మండలీ ఆవిడను గడప తొక్కనివ్వలేదు. క్లైవ్ మాత్రం మరుసటి ఏడు రోజలిండ్ పక్కనే నిలబడి పూజ చేయించాడు.

మేం బయటికొచ్చేసిన చలికాలంలోనే, తనూ, నేనూ, టామ్సిన్ కలిసి చిన్న మండలి పెట్టుకుందామని ఎడ్నా ఆశపడింది. కానీ టామ్సిన్ లీడ్స్ నగరంలో ఉద్యోగం చూసుకుంది. ఊరు వదిలే ముందు వచ్చి టీ తాగింది.

"ముగ్గురమే ఉంటాం. క్లైవ్ లాంటివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వను," అని బతిమాలింది ఎడ్నా.

"నాకు క్లైవ్ అంటే భయం లేదు ఎడ్నా. వాడు ఎలాంటివాడో తెలిసిపోయిందిగా," అంది టామ్సిన్ మెల్లగా. "మంచివాళ్లంటేనే భయం వేస్తోంది. మీరన్నా భయమే. ఇక్కడ నన్నెవరూ ఏమీ చెయ్యరన్న మీ మాట నమ్మేగా వాడి కారెక్కాను."

ఎడ్నా లేచి, ఆ పిల్ల కోటు తెచ్చి తొడిగింది.