జానకి ఆంటీ రెయిలింగుకి నేను వేసిన బోల్టులు

తన తెలివి చూపించుకోబోయి, వేసుకున్న బట్టలతో, పదిమంది ముందు సముద్రంలో పడ్డ మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

అప్పట్లో అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఉండేవాణ్ణి. చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. అంటే స్పానర్ పట్టుకోవడం సరిగ్గా రాదు గానీ సలహాలు బ్రహ్మాండంగా ఇస్తాను. మాకు తెలిసిన జానకి ఆంటీ, రిటైరైన డాక్టరు, అరగంట దూరంలో సముద్రపు పాయ ఒడ్డున ఉండేవారు. ఇంటి వెనక చెక్కమెట్లు దిగి, నీళ్ళ పక్కన కాఫీ తాగడమంటే ఆవిడకి ప్రాణం. మోకాలి ఆపరేషన్ అయ్యాక అది మానేశారు. పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటే దిగుతానన్నారు. నేను పెడతానన్నాను.

హార్డ్‌వేర్ షాపులో ముసలాయన, ఉప్పునీటికైతే 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులే తీసుకోమన్నాడు. నా చేతిలో ఉన్నవి మామూలు 304 రకం. పెట్టె మీద 18/8 అని ఉంది. మా ఇంట్లో కంచాల అడుగునా అదే అంకె! ఏళ్ళ తరబడి చింతపండు పులుసుకి చెక్కుచెదరని స్టీలు, కాసిన్ని సముద్రపు నీళ్ళకి లొంగుతుందా? ఆయనకే స్టీలు మీద పాఠం చెప్పి, అవే కొనుక్కుని వచ్చాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

రెండేళ్ళు ఆంటీ రోజూ దిగారు. మూడో వేసవిలో భోజనానికి పదిమందిని పిలిచినప్పుడు, బోల్టుల దగ్గర తుప్పు చారలు కారుతున్నాయని, భయంగా ఉందని అన్నారు.

"పైపై మరకలు ఆంటీ, తుడిస్తే పోతాయి. ఏనుగు ఆనుకున్నా కదలదు," అని, ఋజువుగా మెట్లు దిగి నేనే ఆనుకున్నాను.

టక్కుమని బోల్టు విరిగింది. నడుంలోతు నీళ్ళలో మునిగిపోతున్నానని నేను పెట్టిన కేకలు అవతలి ఒడ్డుకి కూడా వినబడి ఉంటాయి.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. టవల్ చుట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ పొద్దున ఆవిడ ఆ రెయిలింగే పట్టుకుని దిగారని.

ఆంటీ తిట్టలేదు. అన్నం వడ్డిస్తూ అడిగారు.

"మీ అమ్మ ఆవకాయ దేంట్లో పెట్టేది?"

"జాడీలో."

"స్టీలు డబ్బాలో ఎందుకు పెట్టేది కాదు?"

ఉప్పు తినేస్తుందని.

మర్నాడే 316 బోల్టులు తెచ్చి బిగించాను. అన్నం సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట నేను బిగించిన దాన్ని ఎవరైనా పట్టుకునే ముందు, నేనే వెళ్ళి దానికి వేలాడతాను. అదీ ఈత నేర్చుకున్నాకే.