నీడన పెట్టిన సోలార్ వ్యాను

ముందే చెప్పేస్తున్నా, ఇది నేను తెలివిగా చేసిన పని గురించి కాదు. తెలివి అవసరం లేని చోట దాన్ని వాడబోయి, ఒక ఆడమనిషి నోటికాడ కూడు పడగొట్టబోయిన సంగతి. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా చెమట పడుతుంది. మీరూ ఎక్కడైనా చల్లగా కూర్చుని చదవండి.

కంభంలో నాకొక జిరాక్సు దుకాణం ఉండేది. అదే వీధిలో ఇంకో మూడు వెలిశాక నాకు ఈగలు తోలుకోవడమే మిగిలింది. జనం నా దగ్గరికి రాకపోతే నేనే జనం దగ్గరికి పోతానని ఒక పాత సరుకుల వ్యాను కొన్నా. అంతకుముందు అందులో ఉల్లిగడ్డలు తోలేవాళ్ళు. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదల్లేదు. వెనక రేకు డబ్బాలో బల్ల వేసి కంప్యూటరు, ప్రింటరు, రెండు కుర్చీలు, చిన్న ఫ్యాను బిగించా. ఊరూరా తిరిగి ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే ఆఫీసన్నమాట.

మరి కరెంటు? దానికి మా ఊళ్ళోనే సోలార్ సామాన్లు అమ్మే ఖాదర్ భాయ్ ఉన్నాడు. వ్యాను పైన రెండు ప్యానెళ్ళు పరిచి, లోపల బ్యాటరీలూ ఇన్వర్టరూ పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"అన్నా, నువ్వు చేయాల్సింది ఏం లేదు. ఎండ తగిలితే సాలు, దాని పని అది చేసుకుంటాది" అన్నాడు.

"మన వైపు ఎండకు కరువేంది భాయ్" అన్నాను నేను. ఆ మాట నిజమే. కరువు నా బుర్రలో ఉంది.

మా వైపు ఒక మర్యాద ఉంది. మే నెలలో మనిషి గానీ, గేదె గానీ, మోటరుసైకిలు గానీ ఎండలో కనిపిస్తే చూసినవాళ్ళు ఊరుకోరు. "నీడకు పెట్టు నాయనా" అంటారు. నేను ఏ ఊళ్ళోకి పోయినా ఎవరో ఒకరు ఎదురొచ్చి, పెద్ద చింతచెట్టు కింద బండ్లు జరిపించి మరీ నా వ్యానుకు చోటిచ్చేవాళ్ళు. నేను సంతోషంగా పెట్టేవాణ్ణి.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? చెట్టు కింద ఉన్నా రేకు డబ్బా కదా, లోపల కాగిపోయేది. అందుకని గోనెపట్టాలు నీళ్ళలో తడిపి పైన పరిచా. పైన ఏముందో మీకు గుర్తుండే ఉంటుంది. పరిచింది వాటి మీదే. పాపం అవీ కాలిపోతున్నాయి కదా అని గంటకోసారి బిందెతో నీళ్ళు కూడా చల్లేవాణ్ణి. కన్నబిడ్డలకు కూడా నేనంత సేవ చేయలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

బ్యాటరీలు నిండుగా వచ్చాయి కాబట్టి నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు నుంచి మధ్యాహ్నానికల్లా ఇన్వర్టరు కుయ్యిమని మూలిగి పడుకోవడం మొదలుపెట్టింది. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టి కాస్త ప్రాణం పోసేవాణ్ణి, పొద్దున్నే ఫోనులో ఖాదర్ భాయ్ ప్రాణం తీసేవాణ్ణి.

"నాసిరకం సరుకు అంటగట్టినావు భాయ్. ఇంత ఎండలో కూడా నీ ప్యానెళ్ళు పని చేయకపోతే ఇంకెప్పుడు చేస్తాయి?"

"నా సరుకు అట్ల కాదే అన్నా. ఎండకే పెడుతున్నావు కదా?"

"వ్యాను బయటే ఉంది. పడకగదిలో పెట్టుకుంటానా?"

అతను అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి? అప్పుడు నాకది తట్టలేదు.

ఇక అసలు రోజు. అర్ధవీడు అవతల ఒక ఊళ్ళో నాగమణి అని ఒకమ్మాయి ఉంది. మొగుడు కూలి పనికి పోయి కాలు విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీలో టీచరు పోస్టు పడింది. దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదుతో గడువు ఆఖరు. పొద్దున బస్సెక్కి కంభం పోతానన్న మనిషిని ఫోను చేసి ఆపింది నేనే. "నువ్వెందుకమ్మా అంత దూరం, ఆఫీసే మీ ఇంటికాడికి వస్తాది" అని గొప్పగా చెప్పా.

వెళ్ళాను. చింతచెట్టు, గోనెపట్టాలు, బిందె నీళ్ళు, అన్నీ సక్రమంగా జరిగాయి. దరఖాస్తు సగం నింపేసరికి ఇన్వర్టరు మూలిగింది, కంప్యూటరు నల్లబడింది. టైము రెండు. ఏవో లైన్ల మరమ్మతులని ఊళ్ళో పొద్దుటి నుంచి కరెంటు లేదు.

"అన్నా, ఈ బండిలోనే కంభం పోయి ఏదన్నా నెట్టు సెంటర్లో పెట్టిద్దామా?" అంది నాగమణి.

చక్కటి మాట. వినాల్సింది. "నా ఆఫీసు పెట్టుకుని ఇంకొకడి దుకాణం మెట్లెక్కాలా? ఆ అమ్మినోణ్ణే ఈడికి పిలిపిస్తా, చూడు" అన్నా. ఖాదర్ భాయ్‌ని ఫోనులో అనరాని మాటలన్నీ అన్నా. నాగమణి సర్టిఫికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని వ్యాను మెట్టు మీద కూర్చుంది. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

మూడుంబావుకు ఖాదర్ భాయ్ మోటరుసైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చాడు.

"కంభంలో కూడా కరెంటు పోయింది అన్నా" అన్నాడు దిగుతూనే. ఆ మాటతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

అతను వ్యానును చూశాడు. చెట్టును చూశాడు. పైకెక్కి గోనెపట్టా కొస పట్టుకుని ఎత్తి చూశాడు. ఆ తర్వాత మెల్లగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"అన్నా, నీడన కూర్చోబెట్టి నెత్తిన తడిగుడ్డ వేస్తే పని చేసేది మనిషి. ఇది ప్యానెలు."

చెట్టు కింద చేరిన ఊరంతా నవ్వింది. నాగమణి ఒక్కతే నవ్వలేదు. "ఐదింటికల్లా అయితాదా అన్నా?" అని అడిగింది. నన్ను కాదు, అతన్ని.

పట్టాలు పీకేసి వ్యానును నడి ఎండలో నిలబెట్టాం. ముక్కాలు గంట ఎండకు కాగాక కంప్యూటరు కళ్ళు తెరిచింది. "ఫ్యాను వేస్తే కరెంటు సాలదు" అని ఖాదర్ భాయ్ దాని వైరు పీకేశాడు. ఆ డబ్బాలో కూర్చుని నేను దరఖాస్తు కొట్టా. పాత ఉల్లి వాసనంతా వేడికి మళ్ళీ లేచింది. కళ్ళలోకి చెమట కారి అక్షరాలు కనపడలేదు. నాగమణి పక్కన నిలబడి సర్టిఫికెట్ల ఫైలుతో విసురుతూ, ఒక్కో అక్షరం పైకి చదివి చెప్పింది. ఐదుకు పది నిమిషాలుండగా దరఖాస్తు వెళ్ళింది. ఆ అమ్మాయి అక్కడే కూలబడి ఏడ్చింది. సిగ్గుతో నాకూ ఏడుపొచ్చింది గానీ, చెమటలో ఎవరూ కనిపెట్టలేదు.

పోస్టు ఆమెకే వచ్చింది. మంచిదే, కానీ దాంతో నా పరువు మాత్రం ఆ ఊళ్ళో శాశ్వతంగా పోయింది. ఎందుకంటే టీచరైన నాగమణి ఏడాది తర్వాత చెల్లెలి పెళ్ళికి నన్ను పిలిచింది. బస్సు దిగి పోయానా, పందిట్లో ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చోబోతుంటే ఆమే గబగబా వచ్చి నా కుర్చీ ఎత్తుకుపోయి పందిరి బయట ఎండలో వేసింది.

"ఈడ కూర్చో అన్నా. ఆ పొద్దు చూసినాం కదా, ఎండ తగిలితే గాని నువ్వు పని చేయవు."

ఆ కుర్చీలో కూర్చునే ఒట్టు పెట్టుకున్నా. ఇక ఈ జన్మలో ఎండలో కష్టపడే ఏ వస్తువు మీదా జాలి చూపించను. నీడకు జరపను, పట్టా కప్పను, నీళ్ళు చల్లను. మనుషుల సంగతి వేరు. ఎవరైనా కాస్త నా కుర్చీ పందిట్లోకి జరిపితే మేలు.